ఆరు నెలల ఊళ్లు

ఉద్దానం చూడ్డానికి ఏ నెలలో వెళ్తే బాగుంటుందని అడిగితే ఒక్క నెల పేరు చెప్పడం కష్టం. పక్షులూ తాబేళ్లూ కావాలంటే జనవరి. ఊళ్లో మగవాళ్లు కూడా కనిపించాలంటే మే. శ్రీకాకుళం జిల్లాలో టెక్కలి నుంచి ఇచ్ఛాపురం దాకా, జాతీయ రహదారికీ సముద్రానికీ మధ్యనున్న పల్లెల్లో ఏడాది రెండు భాగాలుగా నడుస్తుంది. చలి మొదలయ్యేసరికి చింతచెట్ల మీద కొంగలు దిగుతాయి. ఆ పాటికే వలలు లాగేవాళ్లు, హోటళ్లలో వంటలు చేసేవాళ్లు, పట్నంలో అపార్టుమెంట్లకు కాపలా కాసేవాళ్లు సంచులు సర్దుకుని రైలెక్కేసి ఉంటారు.

ఏడాదిని ఇలా రెండుగా పంచుకుని బతకడం కొత్తదేమీ కాదు. బదరీనాథ్ వెళ్లొచ్చిన తెలుగువాళ్లు చూసే ఉంటారు. అక్కడ గదులు అద్దెకిచ్చేవాళ్లు, భోజనాల హోటళ్లు నడిపేవాళ్లు గుడి తలుపులు తెరిచే వేళకు కొండెక్కుతారు. నవంబరులో తలుపులు మూయగానే తమ తలుపులకూ తాళాలేసి పాండుకేశ్వర్‌కో జోషీమఠ్‌కో ఇంకా కిందికో దిగిపోతారు. మంచు కురిసినన్నాళ్లూ మరో పని. లదాఖ్‌లో గెస్ట్‌హౌస్‌లు నడిపేవాళ్లలోనూ చాలామందిది ఇదే పద్ధతి. అతిథులు వచ్చే కాలం ఒకటి, తాము బయటికి వెళ్లే కాలం మరొకటి. రెండూ ఒకదానికొకటి అడ్డురావు కాబట్టి సంసారం సాగిపోతుంది. మన సముద్రపు ఒడ్డున ఈ లెక్క ఎలా కుదురుతుందో చూద్దామని ఒక జనవరిలో విశాఖపట్నం నుంచి ఉత్తరంగా బయలుదేరాను.

శ్రీకాకుళం రోడ్డు దాటాక రైలుకు ఎడమవైపు తూర్పు కనుమలు దగ్గరవుతూ వస్తాయి. తిలారు, కోటబొమ్మాళి దాటితే నౌపడ జంక్షను. చూడ్డానికి చిన్న స్టేషనే గాని చరిత్ర చిన్నది కాదు. పర్లాకిమిడి రాజు తన సంస్థానానికి రైలు కావాలని ఇక్కడినుంచి రెండున్నర అడుగుల వెడల్పు పట్టాలు వేయించాడు. 1900లో పర్లాకిమిడి దాకా బండి నడిచింది. 1931 నాటికి గుణుపూరు చేరింది. వందేళ్లకు పైగా కొండల అంచున నెమ్మదిగా పొగ వదులుతూ తిరిగిన ఆ చిన్న రైలు 2004లో ఆగింది. బ్రాడ్‌గేజి పట్టాలు వేశాక 2011లో మళ్లీ బండ్లు నడిచాయి. టెక్కలి స్టేషను కూడా ఈ గుణుపూరు లైను మీదే ఉంది. హౌరా లైను మీద వచ్చేవాళ్లు నౌపడలో దిగి ఆటో మాట్లాడుకోవడమే సులువు.

నౌపడలో దిగగానే కనిపించేది ఉప్పు. తూర్పున కనుచూపు మేర మడులు, వాటి మధ్య గట్లు, అక్కడక్కడా తాటాకులు కప్పిన ఉప్పు కుప్పలు. వానలు వెనకబడ్డాక మడులు బాగుచేసి, ఉప్పునీళ్లు పెట్టి, ఎండలు ముదిరేకొద్దీ ఉప్పు తీస్తారు. ఇదీ కాలాన్ని బట్టి నడిచే పనే. ఉప్పు మడుల చుట్టూ ఉన్న చిత్తడి నేలల్లో, సముద్రం పోటుకు నీళ్లు వచ్చిపోయే కాలువల్లో చేపలు, రొయ్యలు, నత్తలు పుష్కలం. పక్షులు ఈ చుట్టుపక్కల విడిది చేయడానికి కారణం ఇక్కడుంది. పడుకునే చోటు ఊళ్లోనైతే, తిండి ఈ మడుల్లో.

ఆ ఊరు తేలినీలాపురం. టెక్కలి మండలంలో మామూలు పల్లె. వీధులు, పెంకుటిళ్లు, డాబాలు, పశువుల శాలలు, వాటి మధ్యలో చింతచెట్లు. ఏటా సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో ఈ చెట్ల మీదికి గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు వచ్చి వాలతాయి. పుల్లలు ఏరి గూళ్లు కడతాయి, గుడ్లు పెడతాయి, పిల్లల్ని పెంచుతాయి. మార్చి, ఏప్రిల్ నాటికి పిల్లల రెక్కలు ముదిరాక వెళ్లిపోతాయి. అటవీ శాఖవాళ్లు ఇక్కడ పక్షుల విజ్ఞాన కేంద్రం పెట్టారు, చూసేందుకు వాచ్ టవర్ కట్టారు. పైకెక్కితే గూళ్లు మన కళ్ల ఎత్తుకు వస్తాయి. గూడబాతు పిల్ల తల్లి ముక్కు కింది సంచిలోకి తల మొత్తం దూర్చి చేపను లాక్కోవడం చూస్తే ఆ తల్లి ఓర్పుకు దండం పెట్టాలనిపిస్తుంది. ఎర్రకాళ్ల కొంగలు మాత్రం పసుపు ముక్కులు, తోక దగ్గర గులాబీ రంగు ఈకలతో ఠీవిగా నిలబడి ఉంటాయి.

ఇవి సైబీరియా నుంచి వేల మైళ్లు ఎగిరి వస్తాయని ఊళ్లో అందరూ చెబుతారు. పత్రికలూ రాస్తుంటాయి. పక్షిశాస్త్రం ప్రకారం అది సరికాదు. ఈ గూడబాతు ముక్కు మీద చుక్కలుండే రకం. భారతదేశం, శ్రీలంక, ఆగ్నేయాసియాలోనే పుట్టి పెరిగే పక్షి. ఎర్రకాళ్ల కొంగ కూడా దక్షిణాసియా పక్షే. నీళ్లూ చేపలూ ఎక్కడుంటే అక్కడికి, పిల్లల్ని చేసుకునే కాలానికి అనువైన చెట్టు వెతుక్కుంటూ మన దేశంలోనే చోటు మారుతుంటాయి. దూరం తగ్గిందని వీటి విలువ తగ్గదు. విదేశీ అతిథి వచ్చాడనడం కన్నా పక్క ఊరి చుట్టం పిల్లలను కనడానికి ఈ చెట్టునే ఎంచుకుంది అనడంలోనే తేలినీలాపురానికి ఎక్కువ గౌరవం ఉంది.

ఊరివాళ్లకు ఈ శాస్త్రంతో పనిలేదు. వాళ్ల లెక్క వేరు. చెట్టు కింద కల్లాపి చల్లుతున్న ఒక పెద్దమ్మను పలకరిస్తే నా కెమెరాను ఎగాదిగా చూసింది.

"పిట్టల్ని చూడ్డానికొచ్చినారా బాబూ? మా ఊరి ఆడపిల్లలివి. పురిటికొస్తాయి. పిల్లల్నేసుకుని ఎల్లిపోతాయి."

"రెట్టలు పడతాయి కదా పెద్దమ్మా, ఇబ్బంది లేదా?"

"పడితే పడతాయి. పుట్టింటికొచ్చిన పిల్లని వాకిలి పాడయిపోతందని ఎల్లగొడతామేటి?"

నిజానికి ఇబ్బంది చిన్నదేమీ కాదు. వాకిళ్లు, దండేల మీద బట్టలు, డాబా మీద ఆరబోసిన ధాన్యం అన్నీ తెల్లబడతాయి. చేపల వాసన ఆరు నెలలు ఊరిని వదలదు. గూట్లోంచి జారిపడ్డ పిల్లను ఎత్తి కుక్కలకు అందకుండా కాపాడేదీ ఊరి పిల్లలే. ఇంతా చేసి ఈ విడిదికి అద్దె లేదు. చూడ్డానికి వచ్చే మనలాంటివాళ్లం ఫొటోలు తీసుకుని, టెక్కలి వెళ్లి భోంచేసి, సాయంత్రం రైలెక్కుతాం. అతిథిని ఆదరించడం ఈ ఊరికి చేతనైనంతగా మరే ఊరికీ చేతకాదు. ఆ చేతనైన పని నుంచి రూపాయి రాబట్టే దారి మాత్రం ఇప్పటికీ పడలేదు.

ఇక్కడికి ఉత్తరాన, ఇచ్ఛాపురం మండలంలో తేలుకుంచి అని ఇంకో ఊరుంది. అక్కడి లెక్క ఇంకో రకం. నత్తగుల్ల కొంగలు తొలకరికి వచ్చి, చలి ముదిరే లోపు వెళ్లిపోతాయి. వాటి ముక్కు రెండు భాగాల మధ్య సందు ఉంటుంది. దాంతో నత్తలను పట్టి తింటాయి కాబట్టి వరిచేనుకు మేలు. ఆ పక్షులు దిగితే వాన దిగినట్టేనని రైతులు నమ్ముతారు. ఒక జిల్లాలో రెండు ఊళ్లు, ఒకటి వానాకాలపు విడిది, ఒకటి చలికాలపు విడిది. రెండూ కలిసి దాదాపు ఏడాదంతా పక్షులకు గదులు ఖాళీ లేకుండా చూస్తున్నాయి.

తేలినీలాపురం నుంచి తూర్పుకు వెళ్తే సంతబొమ్మాళి మండలం, భావనపాడు తీరం. దగ్గర్లోనే మూలపేట పోర్టు కడుతున్నారు. 2023 ఏప్రిల్ 19న శంకుస్థాపన జరిగింది. క్రేన్లు, రాళ్ల లారీలు, ఎర్రటి దుమ్ము. పెద్ద ఓడలు వస్తే పనులు వస్తాయని కుర్రవాళ్లు ఆశగా చెప్పారు. ఈ చిత్తడి నేలల మీద పెద్ద ప్రాజెక్టులు అనగానే పాత గాయాలు గుర్తొచ్చేవాళ్లూ ఉన్నారు. 2010 జులై 14న సోంపేటలో, 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లిలో థర్మల్ విద్యుత్ కేంద్రాలు వద్దని రోడ్డెక్కిన జనం మీద పోలీసు కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. బీలలు, తంపరలు అనే ఈ చిత్తడి నేలలు బీడు భూములని కాగితం మీద రాసుకున్నవాళ్లకు, వాటిలో చేప పట్టుకుని బతికేవాళ్లు, గడ్డి కోసుకుని పశువులను మేపేవాళ్లు కనబడలేదు. పక్షులైతే లెక్కలోకే రాలేదు.

అక్కడినుంచి వజ్రపుకొత్తూరు మండలంలోని ఒక మత్స్యకార పల్లెకు చేరాను. మిట్టమధ్యాహ్నం ఇసుకలో ఫైబర్ పడవలు బోర్లించి ఉన్నాయి. కొబ్బరి మట్టల నీడలో ఇద్దరు ముసలివాళ్లు చిరిగిన వల అల్లుతున్నారు. ఆడవాళ్లు కవ్వళ్లు, నెత్తళ్లు ఎండబెడుతున్నారు. ముప్పై ఏళ్ల మగవాడు ఒక్కడూ కనబడలేదు. ఎక్కడికెళ్లారంటే ప్రతి ఇంటి నుంచీ ఒకే జవాబు, వీరావల్.

గుజరాత్‌లోని వీరావల్ రేవు ఇక్కడికి దేశానికి అవతలి అంచు. అయినా ఈ ఊరి చిన్నపిల్లలకు ఆ పేరు పలాస కన్నా ముందు వస్తుంది. దీని వెనక ఒక కాలపట్టిక ఉంది. చేపలు గుడ్లు పెట్టే రోజుల్లో మరపడవలు వేటకు వెళ్లకూడదని కేంద్రం నిషేధం పెడుతుంది. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, పడమటి తీరంలో జూన్ 1 నుంచి జులై 31 దాకా. పడమట నిషేధం ఎత్తేయగానే ఆగస్టులో ఇక్కడి మగవాళ్లు బయలుదేరుతారు. ఎనిమిది తొమ్మిది నెలలు అక్కడి బోట్ల మీద పనిచేసి, మే నెలలో మళ్లీ అక్కడ వేట ఆగే వేళకు ఇంటికొస్తారు. బోటుకు ఒక తండేలు, అతని కింద కళాసీలు. సీజనుకు ఇంతని మాట్లాడుకుంటారు, కొంత ముందే తీసుకుని ఇంట్లో ఇచ్చి వెళ్తారు. ఒకసారి సముద్రంలోకి పోతే నేల కనబడేది వారాల తర్వాతే. వండుకునేదీ పడుకునేదీ బోటు మీదే.

2018 నవంబరులో అలా వెళ్లిన మన మత్స్యకారులు సరిహద్దు దాటారని పాకిస్తాన్ గస్తీ దళం పట్టుకుపోయింది. వాళ్లలో ఎక్కువమంది ఈ జిల్లావాళ్లు, ఎచ్చెర్ల మండలం చుట్టుపక్కల వాళ్లు. కరాచీ జైల్లో ఏడాదికి పైగా గడిపారు. 20 మందిని 2020 జనవరి 6న వాఘా దగ్గర అప్పగించారు. ఈ ఉదంతం ఆధారంగానే 2025లో 'తండేల్' సినిమా వచ్చింది. వాళ్లు ఇల్లు చేరిన రెండు నెలలకే కరోనా లాక్‌డౌన్. ఈసారి వేల మంది ఆంధ్రా మత్స్యకారులు వీరావల్ రేవులో బోట్ల మీదే ఇరుక్కుపోయారు. ఏప్రిల్ చివర్లో బస్సులు పెట్టి దేశం ఈ చివర నుంచి ఆ చివరకు తీసుకురావాల్సి వచ్చింది. ఈ జిల్లా నుంచి ఎంతమంది బయట ఉంటారో చాలామందికి అప్పుడే తెలిసింది.

సముద్రం గుమ్మం ముందు పెట్టుకుని ఇంకో సముద్రానికి ఎందుకు పోతారు? వల అల్లుతున్న తాత చెప్పిన కారణం సూటిగా ఉంది. "ఇక్కడ రేవు నేదు బాబూ. పెద్ద బోటు ఎక్కడ కడతాం? కెరటం మీదనుంచి తోసుకుని ఎల్లాలి, కెరటం మీదనుంచే రావాలి." శ్రీకాకుళం జిల్లాకు 193 కిలోమీటర్ల తీరం ఉంది. రాష్ట్రంలో ఇంత పొడవు తీరమున్న జిల్లాలు తక్కువ. అంత తీరంలో మరబోట్లు నిలుపుకునే ఫిషింగ్ హార్బరు లేక, చిన్న ఇంజను పెట్టిన ఫైబర్ పడవతో ఒడ్డుకు దగ్గర్లోనే తిరగాలి. దొరికిన చేపను ఉంచడానికి ఐసు చాలదు. ఒడ్డున ఎదురుచూసే వ్యాపారి చెప్పిందే ధర. బుడగట్లపాలెంలో హార్బరు, మంచినీళ్లపేటలో జెట్టీ ప్రభుత్వ ప్రణాళికల్లో ఉన్నవే. వేట నిషేధ కాలపు భృతిని 2025లో 20 వేల రూపాయలు చేశారు. ఆ సాయం రెండు నెలలకు. తక్కిన పది నెలల సంగతి రేవు తేల్చాలి.

పలాస కాశీబుగ్గ జంట పట్టణంలో ఆ రాత్రి బస. ఇక్కడ రైలు దిగితే చాలు, జీడిపప్పు దుకాణాలు వరసగా స్వాగతం చెబుతాయి. వందల సంఖ్యలో చిన్నా పెద్దా జీడి ఫ్యాక్టరీలు. ఉద్దానం తోటల్లో జీడిపిక్కలు మార్చి నుంచి మే దాకా రాలతాయి. 80 కిలోల బస్తా లెక్కన బేరం. ఆ మూడు నెలలు వచ్చిన పిక్కలు ఏడాదంతా ఫ్యాక్టరీలను నడపడానికి చాలవు కాబట్టి ఆఫ్రికా దేశాల నుంచి ఓడల్లో వచ్చిన పిక్కలూ ఇక్కడే పగులుతాయి. ఆవిరికి ఉడకబెట్టి, పిక్క కోసి, పప్పు తీసి, వేడి గదిలో ఆరబెట్టి, పొర ఒలిచి, గుండు వేరు బద్ద వేరు చేసి, సైజుల వారీగా డబ్బాలకెత్తుతారు. ఎక్కువ పని ఆడవాళ్లదే. పిక్కలోంచి కారే జీడి రసం చేతిని కాలుస్తుంది. నూనె రాసుకుని, బూడిద అద్దుకుని కూర్చుంటారు. మగవాడు బయటికి వెళ్లిన కాలంలో ఇంటి పొయ్యి ఆరకుండా చూసేది ఈ కూలి. చలికాలపు ఉద్దానాన్ని నడిపేది ఆడవాళ్లనడానికి ఫ్యాక్టరీ గేటు దగ్గర ఉదయం నిలబడితే ఇంకో రుజువు అక్కర్లేదు.

మర్నాడు మందస మీదుగా తోటల దారి పట్టాను. పడమట మహేంద్రగిరి నీలంగా నిలబడింది. మందసలో వాసుదేవ పెరుమాళ్ గుడి చూసి, కోవా తినకుండా కదలడం మర్యాద కాదు. ఊరు దాటితే కొబ్బరి, జీడి, పనస, మామిడి కలగలిసిన తోటలు. వాటి మధ్య అక్కడక్కడ ఇంకా ఖాళీలు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. గంటకు 140 కిలోమీటర్లు మించిన గాలి. కాపుకొచ్చిన కొబ్బరి చెట్లు, తాతలనాటి జీడి తోపులు ఒక్క రాత్రిలో నేలకొరిగాయి. పొడవు రకం కొబ్బరి కాపుకు రావాలంటే ఆరేడేళ్లు. ఆ ఆరేడేళ్లు ఇంటిల్లిపాదీ ఏం తినాలి? అంతవరకు తోట వదిలి కదలని రైతు కొడుకులు కూడా చెన్నై, హైదరాబాద్, అండమాన్ దారి పట్టారు. ఇప్పుడు ఆ మొక్కలు కాపుకొచ్చాయి. వెళ్లినవాళ్లందరూ రాలేదు.

ఒక ఇంటి అరుగు మీద కూర్చుని దాహమడిగితే ఆ ఇల్లాలు బిందె వైపు వెళ్లలేదు. క్యాన్ వంచి గ్లాసు నింపి తెచ్చింది. ఉద్దానంలో నీళ్లివ్వడం కూడా ఆలోచించి చేసే పని. రెండు మూడు దశాబ్దాలుగా ఇక్కడ కిడ్నీ జబ్బు ఇంటింటినీ తడుముతోంది. షుగరు, బీపీ లేనివాళ్లకూ వస్తోంది. అసలు కారణం ఏమిటన్నది పరిశోధకులు ఇంకా ఒక్క మాటలో తేల్చలేదు. జనం మాత్రం బోరు నీటిని నమ్మడం మానేశారు. హిరమండలం జలాశయం నుంచి వంశధార నీళ్లు తెచ్చే పథకం, పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం 2023 డిసెంబరు 14న ప్రారంభమయ్యాయి. డయాలసిస్ కోసం విశాఖ దాకా పోవాల్సిన అగత్యం చాలామందికి తప్పింది. బయటి ఊళ్ల నుంచి అతిథులను పిలుద్దామనుకునే ప్రాంతానికి గదుల కన్నా ముందు కావలసింది నమ్మకంగా తాగే నీళ్లు.

బారువ చేరేసరికి పొద్దు వాలుతోంది. మహేంద్రతనయ నది సముద్రంలో కలిసే చోటు, పాత రేవు, లైట్‌హౌసు, కోటిలింగేశ్వరుడి గుడి. ఒడ్డుకు కొంత దూరంలో నీళ్ల అడుగున పాత ఆవిరి ఓడ శిథిలం ఉంది. ఈత నేర్చినవాళ్లు గాలి సిలిండర్లు కట్టుకుని దిగి చూసొస్తున్నారు. చలికాలం రాత్రుల్లో ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఇక్కడి ఇసుకలో గుంటలు తవ్వి వందకు అటూ ఇటూగా గుడ్లు పెట్టిపోతాయి. నక్కలు, కుక్కలు తవ్వకుండా ఆ గుడ్లను ఏరి కంచె వేసిన చోట పాతిపెడతారు. నలభై అయిదు, యాభై రోజులకు గుడ్లు పగిలి పిల్లలు బయటికొస్తే సముద్రంలో వదులుతారు. కాపలా కాసేవాళ్లలో మత్స్యకార కుర్రవాళ్లూ ఉంటారు.

ఈ తీరం నుంచే ఒకప్పుడు రంగూన్ ప్రయాణాలు సాగేవి. గోపాలపూర్ నుంచి కాకినాడ దాకా ఉన్న రేవుల్లో ఆవిరి ఓడలు ఆగి కూలీలను ఎక్కించుకునేవి. బర్మాలో వరికోతలకు, ఆపైన బియ్యం మిల్లుల్లో పనికి వెళ్లి, వానలు పడేలోపు తిరిగొచ్చి సొంత పొలం దున్నుకునేవాళ్లు ఎందరో. అక్కడివాళ్లు తెలుగు కూలీలను కొరంగీలనేవారు. 1930లో రంగూన్ రేవులో జరిగిన అల్లర్లలో చాలామంది చచ్చిపోయారు. 1942లో జపాన్ సేనలు వచ్చినప్పుడు బతికినవాళ్లు అడవుల గుండా నడిచి వచ్చారు. రంగూన్ పోయి వీరావల్, పోర్ట్ బ్లెయిర్ వచ్చాయి. చలికాలానికి ఇల్లు విడిచి, ఎండలకు తిరిగొచ్చే పద్ధతి మాత్రం వందేళ్లుగా మారలేదు.

బారువ దగ్గర్లో ఒక రెండంతస్తుల ఇల్లు కనిపించింది. పైన రెండు గదులు, సముద్రం వైపు వరండా, కొత్త రంగు. తలుపులకు తాళాలు. కింద ముసలి దంపతులు. అద్దెకిస్తారేమోనని అడిగాను. కొడుకు పోర్ట్ బ్లెయిర్‌లో టూరిస్టు లాడ్జీలో పనిచేస్తాడట. విశాఖ నుంచి ఓడెక్కి కుర్రతనంలో వెళ్లాడు. గదులు తుడవడంతో మొదలుపెట్టి వంటదాకా, అక్కడినుంచి రిసెప్షను దాకా వచ్చాడు. అండమాన్‌లో సీజను నవంబరు నుంచి ఏప్రిల్ దాకా. ఆ తర్వాత వానలు, సెలవు. మే నెలలో ఇంటికొస్తాడు. ఆ డబ్బుతోనే ఈ పై అంతస్తు కట్టాడు.

"ఇక్కడ గదులు పెడదామంటాడు బాబూ. పెట్టొచ్చు. కానీ మీలాంటోలు వచ్చేది ఈ చలికాలంలోనే గదా. అప్పుడాడు అక్కడుంటాడు. ఆడొచ్చేసరికి ఇక్కడ ఎండలు, ఎవులూ రారు. మేం ముసలోలిద్దరం ఎవుల్ని చూడగలం?"

బదరీనాథ్ లెక్క ఇక్కడ ఎందుకు కుదరదో ఆయన నాలుగు మాటల్లో చెప్పేశాడు. కొండ మీద అతిథులు ఎండాకాలంలో వస్తారు, ఇంటివాళ్లు చలికాలంలో వెళ్తారు. ఉద్దానంలో అతిథులు వచ్చే కాలమూ, ఇంటివాళ్లు వెళ్లే కాలమూ ఒక్కటే. పర్యాటకులకు గది సర్ది, పక్క పరిచి, చేపల పులుసు వండిపెట్టడం బాగా తెలిసిన మనిషి సరిగ్గా ఆ నెలల్లోనే సముద్రం అవతల ఇంకొకరి లాడ్జీలో ఆ పనే చేస్తున్నాడు. అక్కడ నెల జీతం ఖాయం. ఇక్కడ ఆదివారం ఇద్దరొస్తారు, బుధవారం ఎవరూ రారు. జీతం వదులుకుని ఎవడొస్తాడు?

అందుకే ఈ తీరానికి పెద్ద రిసార్టులు కట్టేస్తే వలస ఆగుతుందనే మాట నాకు నమ్మబుద్ధి కాదు. రిసార్టు కడితే అందులో కొందరికి ఉద్యోగాలొస్తాయి, మంచిదే. వీరావల్ వెళ్లే వేల మందిని ఆపగలిగేది రేవు, ఐసు, చేపకు సరైన ధర. అవి ఒక చోట కుదిరితే మగవాడు ఏడాదిలో నాలుగు నెలలైనా అదనంగా ఇంట్లో ఉంటాడు. అప్పుడు పైనున్న రెండు గదులకు తాళాలు తీసేవాళ్లు ఉంటారు. అందాకా అతిథి గది నడపగలిగేది ఇంట్లో ఉండేవాళ్లే, అంటే ఆడవాళ్లే. పొదుపు సంఘాలు నడిపి, జీడి ఫ్యాక్టరీలో పని చేసి, పెళ్లిళ్లు, సంబరాలు చేసి, పదిమందికి వండిపెట్టడం తెలిసినవాళ్లకు రెండు గదుల లెక్క చూసుకోవడం కష్టం కాదు. కావలసింది శుభ్రమైన మరుగుదొడ్డి, నమ్మకమైన నీళ్లు, బ్యాంకు నుంచి చిన్న అప్పు, తేలినీలాపురం టవరు దగ్గర ఏ ఇంట్లో భోజనం దొరుకుతుందో చెప్పే ఒక బోర్డు. పోర్టుకు పెట్టే ఖర్చులో ఇది లెక్కలోకి కూడా రాదు. పంచాయతీ, పర్యాటక శాఖ పూనుకుంటే ఒక సీజనులో అయ్యే పని.

వెళ్లాలనుకునేవాళ్లకు నాలుగు మాటలు. హౌరా, చెన్నై మార్గంలో తిరిగే ఎక్స్‌ప్రెస్‌లు చాలావరకు పలాసలో ఆగుతాయి, లాడ్జీలూ అక్కడే దొరుకుతాయి. తేలినీలాపురానికి నవంబరు నుంచి మార్చి దాకా మంచి కాలం. తెల్లవారుజామున వెళ్తే పక్షులన్నీ గూళ్ల దగ్గరే ఉంటాయి. చెట్ల కింద అరవకండి, డ్రోన్లు ఎగరేయకండి. గుడ్ల మీది పక్షి బెదిరి లేస్తే కాకులకు పండగ. తాబేళ్ల రాత్రుల్లో ఇసుక మీద టార్చి, ఫ్లాష్ వెలిగించకండి. జీడిపప్పు రైలు కిటికీ దగ్గర కాకుండా కాశీబుగ్గలో ఫ్యాక్టరీ దుకాణంలో కొనండి. మీ నీళ్లు మీరు తీసుకెళ్లండి. ఏ ఇంట్లోనైనా భోంచేస్తే డబ్బులు ఇచ్చి రండి. మొదట వద్దంటారు. అయినా ఇవ్వండి.